గొలుసులో రెండు నుంచి మూడు

శాంతాబాయి టీచరు చాప మీద మోకాళ్లు ఆనించిందో లేదో, పైన ఫ్యాను ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, సమ్మె నడుస్తోంది. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు లేరు, ఉప్పల్ రింగు రోడ్డు మీద బస్సుల్లేవు, పీర్జాదిగూడలో ఆమె చదువు చెప్పే సర్కారు బడికి నెలరోజులుగా తాళమే. తెలంగాణ వచ్చేదాకా పని ముట్టమని ఊరంతా చేతులు కట్టుకుని కూర్చుంటే, ఒక్క శాంతాబాయికి మాత్రం సమ్మె లేదు. బడి లేదు కదా, ఖాళీయే కదా అని నాచారం చర్చిలో ఉన్న పనులన్నీ తెచ్చి ఆమె నెత్తినే పెట్టారు. స్త్రీల సమాజానికి కార్యదర్శి ఆమె, సండే స్కూలు ఆమె, గురువారం ఇళ్లల్లో కూడికలు ఆమె, ఆదివారం ప్రభు బల్లకు రొట్టె ముక్కలు కోసేది ఆమె, కోశాక కత్తి కడిగి పెట్టేదీ ఆమే. ఇప్పుడు ఈ మూడు రోజుల గొలుసు ప్రార్థన. రాష్ట్రంలో శాంతి కోసం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటకొకరు చొప్పున, చర్చి వెనక ఉన్న ఈ చిన్న గదిలో మోకాళ్ల మీద ఉండాలి. తర్వాతి మనిషి వచ్చి పక్కన కూర్చుంటే తప్ప ముందున్న మనిషి లేవకూడదు, లేస్తే గొలుసు తెగినట్టు. తలుపుకు అంటించిన పట్టిక గీసింది కూడా ఆమే, స్కేలు పెట్టి, గీతలకు ఎర్ర పెన్ను, పేర్లకు నీలం పెన్ను. రెండు నుంచి మూడు, శాంతాబాయి. మూడు నుంచి నాలుగు, వెంకటనర్సమ్మ.

ప్రభువా, అనుకుంది. అంతే. ఆ మాట గదిలో అటూ ఇటూ తిరిగి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. ప్రభువా, కృపగల తండ్రీ, ఆదివారం ప్రేమవిందుకు బియ్యం ఎవరు తెస్తున్నారు, గ్యాసు సిలిండరు నిండుదేనా, సగానిదా, టెంటు వాడికి ఎన్ని కుర్చీలు చెప్పింది? ఛీ ఛీ. మళ్లీ మొదటినుంచి. ప్రభువా. పదిమంది ముందు మైకు చేతికిస్తే ఆమె ముప్పావుగంట ఆపకుండా ప్రార్థన చేయగలదు. బళ్లో హాజరు పిలిచినట్టు వరుసగా వచ్చేస్తారు, రోగులు, విధవరాండ్రు, ఉద్యోగాలు లేని పిల్లలు, పరిపాలకులు. ఒంటరిగా మోకరిస్తేనే నోరు ఎండిపోతుంది. ఇది ఇవ్వాళ్టి సంగతి కాదు, ఎనిమిది నెలలైంది. ఎవరికి చెప్పుకుంటుంది? నాలుకకు రుచి చచ్చిపోయిందని వంటమనిషి చెప్పుకుంటే ఆ తర్వాత ఎవరైనా పిలుస్తారా? మొదట్లో నీరసమేమో అనుకుంది. రక్తం పరీక్ష చేయించుకుంది, ఐరన్ మాత్రలు మింగింది. భర్త కనకరాజు, రిటైరైన నాటి నుంచి పేపరూ టీవీ తప్ప ఏదీ పట్టని మనిషి, నీకు కావల్సింది మందు కాదు, నిద్ర, అన్నాడు ఒకరోజు పేపరు మీద నుంచి తలెత్తకుండా. నిద్రట. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు. ఆమె పడుకుంటే అవన్నీ ఎవరు చేస్తారు? వెంకటనర్సమ్మ చేస్తుందా?

వచ్చేసింది పేరు. ఎంత దూరం తోసినా తిరిగి తిరిగి ఆ పేరు దగ్గరికే వస్తుంది మనసు, పంటి సందులో ఇరుక్కున్నదాని దగ్గరికి నాలుక పోయినట్టు. మూడేళ్ల కింద ఆలేరు దిక్కు నుంచి వచ్చిన మనిషి. నాచారంలో ఏదో కంపెనీలో ఊడ్చే పని, ఒంటి మీద ఎప్పుడూ ఫినాయిలు వాసన, అక్షరం ముక్క రాదు. ఆమె బాప్తిస్మానికి ముందు కొత్త పేరేదైనా పెట్టుకుంటావా అని పాస్టరు అయ్యగారు అడిగారు. శాంతాబాయి అప్పటికే ఆలోచించి, జీవరత్నం అని రిజిస్టరులో గుండ్రంగా రాసి కూడా పెట్టింది. ఆ మనిషిని అడగాలన్న ఊహే తనకు రాలేదు. ఆ మనిషి మాత్రం, ఇది మా నాయనమ్మ పెట్టిన పేరు, నేను పలుకుతున్నాను కదా, దేవుడు పిలిచినా దీంతోనే పిలిచి ఉంటాడు, అనేసింది. అయ్యగారు మురిసిపోయి, సరే అమ్మా అలాగే ఉండనీ, అన్నారు. పదిహేడేళ్లుగా మచ్చలేని ఆ రిజిస్టరులో ఒకే ఒక్క కొట్టివేత ఉంది, అది శాంతాబాయి చేత్తో కొట్టిందే. ఎప్పుడు ఆ పుస్తకం తెరిచినా వేళ్లు ఆ పేజీ దగ్గరే ఆగుతాయి.

గది మూలలో చిన్న బల్ల, దాని మీద హార్లిక్స్ సీసా. ప్రార్థన కావల్సినవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయకూడదు, ఏ గంటలో ప్రార్థించాలో మాత్రం పైన రాయొచ్చు. ఆ ఏర్పాటు కూడా శాంతాబాయి బుర్రలోంచి పుట్టిందే, అంశాలు అందరికీ సమానంగా పంచుదామని. తన గొయ్యి తనే తవ్వుకుంది. గంటను ఎంచుకోవడమంటే మనిషిని ఎంచుకోవడమే కదా, పట్టిక తలుపు మీదే ఉందాయె. నిన్న సీసాలో మూడు–నాలుగు అని రాసినవి తొమ్మిది చీటీలు. ఇవ్వాళ పదకొండు. రెండు–మూడు అని నిన్న ఒకే ఒక్కటి, అదీ అయ్యగారి చేతిరాత, జాలిపడి వేసినట్టున్నారు. ఇవ్వాళ ఆ జాలి కూడా లేదు. పైగా వెంకటనర్సమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె గంటకు ముందు ఎవరో ఒకరు చీటీలు చదివి వినిపించాలి. నిన్న అయ్యగారి భార్య, అందరూ అమ్మగారు అనే ఆవిడ, చదివారు. ఇవ్వాళ చర్లపల్లిలో ఎవరినో మట్టి చేస్తున్నారని వెళ్లిపోతూ, నువ్వే చదివి పెట్టు శాంతా, టీచరువి కదా, అని అప్పగించి పోయారు. పెళ్లి ఒకరిది, పల్లకీ మోత ఇంకొకరిది. ఒక్క చీటీ రాని మనిషి కూర్చుని పదకొండు చీటీలు వచ్చిన మనిషికి చదివి పెట్టాలి.

చర్చిలో ఒక మాట ఉంది. ఫలానా ఆమె బలంగా వాడబడుతోంది, అంటారు, అంటే దేవుడు ఆమెను చేతిలోకి తీసుకుని వాడుకుంటున్నాడని. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు వాళ్లలో. ముప్పై ఏళ్లుగా శాంతాబాయి ఆ మాట కోసం చెవి వేసుకుని ఉంది. ఆమె గురించి జనం అనేది ఏమిటంటే, శాంతాబాయి ఉంది కదా, చూసుకుంటుంది. వెంకటనర్సమ్మ వచ్చిన ఆర్నెల్లకే, వాడబడుతోంది, వాడబడుతోంది! కాప్రాలో ఎవరింట్లోనో ఆమె ప్రార్థన చేస్తే జ్వరం దిగిందట. దిగక, మూడో రోజుకు ఎవరి జ్వరం దిగదు? ఆమె వాడబడుతోంది, నేను వాడిపోతున్నాను, అనుకుంది శాంతాబాయి, అనుకున్నాక మాట కుదిరినందుకు కొంచెం నవ్వొచ్చింది, నవ్వు పెదాల దాకా రాకముందే ఏడుపొచ్చింది. కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నానని ఆమెకు తెలుసు. ఈర్ష్య పాపమని పిల్లలకు బొమ్మలు గీసి మరీ చెప్పింది. పాపమని తెలిసినంత మాత్రాన కడుపులో మంట చల్లారుతుందా? పోయిన నెల కూడిక అయ్యాక గిన్నెలు తోముతుంటే అమ్మగారు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యేసి, నీకు పని ఉంది శాంతా, ఆమెకు భారం ఉంది, అన్నారు. భారం అంటే వాళ్ల మాటల్లో మోత కాదు, ఎదుటివాళ్ల బాధను గుండెలో పెట్టుకు తిరగడం. మెచ్చుకున్నారో, బుద్ధి చెప్పారో ఆవిడకే తెలియాలి. మరి ఆ యాభై పళ్లాలు ఎవరు తోమారు? ఆ మసి పట్టిన డేగిసా ఎవరు ఎత్తారు? అది భారం కాదా? నడుము ఇప్పటికీ ఆ డేగిసా మాటే చెబుతోంది.

మోకాళ్లు నొప్పెట్టి పక్కకు ఒరిగి కూర్చుంది. చెమట వెన్ను మీదుగా కారుతోంది. బయట రోడ్డు మీద జై తెలంగాణ అంటూ బళ్లు పోతున్నాయి, హారన్లు దూరమయ్యాయి. ఆమె నాయనమ్మ ఎడ్లబండి మీద మెదక్ పల్లెలన్నీ తిరిగి వాక్యం చెప్పిన మనిషి, మిషను దొరసానుల దగ్గర చదువుకున్న మనిషి. తెల్లవారుజామున రాగి చెంబు పక్కన పెట్టుకుని ప్రార్థన చేసేది, శబ్దం ఉండేది కాదు, పెదాలు మాత్రం కదిలేవి, చిన్న శాంత పక్కన పడుకుని ఆ పెదాలు చూస్తూ మళ్లీ నిద్రలోకి జారేది. ఎంత బాగా పట్టేదో ఆ నిద్ర. అలాంటి ఇంట్లో పుట్టిన తనకు నోరు ఎండిపోవడమేమిటి, నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి ఊట ఊరడమేమిటి? ఎక్కడ తప్పిపోయింది? ఎక్కడో కాదు, తెలుసు ఆమెకు. దీప దగ్గర. కూతురు దీపకు మొదటిసారి కడుపు నిలవనప్పుడు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టించింది. రెండోసారి నెల తప్పిందని తెలియగానే ఏడు సంఘాలకు ఫోన్లు చేసింది, పేర్లు రాయించింది, ఎవరు ఏ రోజు అని పట్టిక గీసింది. ఐదో నెలలో అదీ పోయింది. ఏడు సంఘాలకూ జవాబు చెప్పుకోవాలి కదా! తర్వాతి ఆదివారమే మైకు తీసుకుని, దేవుని చిత్తానికి మా కుటుంబమంతా తలవంచింది, ఇందులోనూ ఆయనకే మహిమ, అని సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు. మూడో వరసలో దీప తల వంచుకునే ఉంది, ఆమేన్ అనలేదు. ఆ పిల్ల ఇప్పుడు కాప్రా నుంచి నెలకోసారి వస్తే వస్తుంది, ఎలా ఉన్నావే అంటే బాగున్నానమ్మా అంటుంది, టీ తాగి పోతుంది. ఆ ఆదివారానికి ఎనిమిది నెలలు.

రెండున్నర దాటింది. చీటీలైనా ముందుగా చూసి పెట్టుకుందామని సీసా ఒళ్లోకి వంచింది, ఏదో ఒక పని చేస్తే కానీ ఊపిరాడదు. కిటికీ వెలుగులో ఒక్కొక్కటే విప్పింది. తాగుడు మానాలి. పట్టాలో తేడా వచ్చింది, సరి కావాలి. పీర్జాదిగూడలో అపార్టుమెంటు పని ఆగిపోయింది, మేస్త్రీ పిలవాలి. ఎనిమిదో చీటీ, తొమ్మిదో చీటీ. పదో చీటీ విప్పగానే చేతులు ఆగాయి. ఆ ల అక్షరం. నాలుగేళ్ల పిల్లకు ఎన్నిసార్లు దిద్దబెట్టినా తోకకు ఇంకో మెలిక తిప్పేది, పలక మీద కొట్టి చెప్పినా తిప్పేది, ఎమ్మెస్సీ చదివినా ఆ మెలిక పోలేదు. చదివింది. "రెండు నిలవలేదు. ఇది మూడోది, మూడో నెల. నెలలు నిండేదాకా నిలవాలని వెంకటనర్సమ్మ అత్తతో ప్రార్థన చేయించండి. మా అమ్మకు తెలియనివ్వొద్దు. అమ్మ ప్రార్థన చేయదు, ఏర్పాట్లు చేస్తుంది." పైన, మూడు–నాలుగు.

మొదట వచ్చింది సంతోషం కాదు. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గే, కానీ నిజం అదే. కడుపులో బిడ్డ నిలిచిందన్న మాట కంటే ముందు అత్త అన్న మాట గుచ్చుకుంది. ఎవరికి ఎవరు అత్త? కన్నది నేను, దవాఖానాలో రెండుసార్లూ రాత్రులు కూర్చుంది నేను, రక్తం బట్టలు ఉతికింది నేను. మూడు నెలలు నోరు కుట్టేసుకుని, చెప్పుకోవడానికి ఊడ్చే మనిషి దొరికిందా నీకు? చీటీ అమ్మగారు చదువుతారని నమ్మి ఎవరి చేతనో వేయించింది పిచ్చిపిల్ల, ఇవ్వాళ చదివే మనిషి మారిందని తెలియదు. శాంతాబాయి చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. చదవను. ఆ మనిషికి అక్షరం రాదు, పది చదివి అయిపోయాయంటే అయిపోయాయి. నా బిడ్డకు నేను ప్రార్థన చేసుకోలేనా? చేయనా? చూడు చేస్తాను. మళ్లీ మోకాళ్ల మీదికి లేచింది, కళ్లు గట్టిగా మూసుకుంది. ప్రభువా, దీప. ప్రభువా, నా బిడ్డ దీప. కాప్రాలో ఏ డాక్టరుకు చూపిస్తున్నారో, ఆ అల్లుడు సురేషుకు బుద్ధి ఉందా, బండి మీద తిప్పుతున్నాడేమో, రేపే ఫోను చేయాలి, తార్నాకలో మంచి ఆవిడ ఉంది, అమ్మగారితో చెప్పి శుక్రవారం నుంచి చిన్న గుంపుగా, ఒక ఏడుగురు చాలు... అక్కడ ఆగింది. ఏడుగురు. చేతివేళ్లు మడిచి లెక్కపెడుతోంది అప్పటికే. ఏర్పాట్లు. చీటీ జాకెట్టులో చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. తనకు నోరు పెగలదు, పెగిలే మనిషి దగ్గరికి పోనివ్వదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే కదా. ఎవరి మీద కోపంతో ఎవరి కడుపు ఎండగడుతోంది తను?

తలుపు చప్పుడైంది. ఫినాయిలు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత. వెంకటనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, బస్సుల్లేవు, ఆటోవాళ్లు మస్తు అడుగుతున్నారు, నడిచే వచ్చానని చెప్పి, గోడ పక్కన చెప్పులు వరసగా పెట్టి, చాప అంచున కూర్చుంది. రొంట్లోంచి ఒక పురికొస తీసింది, కంపెనీలో అట్టపెట్టెలు కట్టే రకం. అందులో అప్పటికే కొన్ని ముడులున్నాయి. చదువు రాని మనిషి లెక్క అది, ఒక్కో చీటీకి ఒక్కో ముడి, వేలితో తడుముకుంటూ ఒక్కొక్కరి అక్కరా దేవుడికి చెప్పడం; తీరిన ముడి విప్పేస్తుంది, తీరనిది ఉంచుతుంది. శాంతాబాయి చదివింది. గొంతు బళ్లో గొంతే, గట్టిగా, తొణక్కుండా. తాగుడు, ముడి. పట్టా, ముడి. మేస్త్రీ పని, ముడి. పదో ముడి పడ్డాక వెంకటనర్సమ్మ పురికొస సర్దుకుంటూ, అయిపోయినయా అని అడిగింది. అయిపోయాయి, అనడానికి నోరు తెరిచింది శాంతాబాయి. ఆ ఒక్క మాట చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆమె చెయ్యి జాకెట్టులోకి పోయింది. తడిసిన చీటీ నెమ్మదిగా విప్పి మొదటి నుంచి చదివింది, రెండు నిలవలేదు దగ్గర్నుంచి ఏర్పాట్లు చేస్తుంది దాకా, ఒక్క అక్షరం కూడా మింగకుండా. చివరి వాక్యం మాత్రం బళ్లో గొంతుతో చదవలేదు. వెంకటనర్సమ్మ పదకొండో ముడి వేసింది, మిగతావాటి కంటే గట్టిగా లాగి బిగించింది.

"వాళ్లమ్మకు గూడ ఒక ముడెయ్యి," అన్నది శాంతాబాయి, గోడ వైపు చూస్తూ. ఇన్నేళ్లలో ఆమె తనకోసం ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ఆమెది ముందుగాలనే ఉన్నది టీచరమ్మా." వెంకటనర్సమ్మ పురికొస మొదలు దగ్గర చూపించింది. వేళ్లు తగిలి తగిలి నల్లబడిన ముడి, విప్పుదామన్నా రానంత బిగుసుకుంది. "నువ్వు మైకుల సాక్ష్యం చెప్పినవ్ సూడు, ఆ దినం ఏసిన."

ఎనిమిది నెలలు. తను కళ్లల్లో నిప్పులు పోసుకున్న రోజులన్నీ ఆ మనిషి వేళ్ల మధ్య తను ఉంది. కోపం రావాలి నిజానికి, అడగకుండా ఎవరు వేయమన్నారని. వచ్చింది కూడా కొంచెం. ఏమని అడుగుతున్నావు ఆమె గురించి, అని అడిగింది. వినాలని ఉంది, వినకూడదనీ ఉంది. బుద్ధి ఇవ్వమనా? గర్వం అణచమనా?

"ఏమడుగుత. జర పండుకోనియ్యి అయ్యా, ఎవరన్న జేస్తరు తియ్యి పనులు, అంట."

శాంతాబాయి పదకొండో చీటీని మడిచి పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత, నా గంటలో నేను ఒక్క మాట ప్రార్థన చేయలేదు, గొలుసు తెగింది వెంకటనర్సమ్మా, అని చెప్పేసింది. ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్న మాట ఇంత చిన్నదా అనిపించింది. వెంకటనర్సమ్మ ఆశ్చర్యపోలేదు, ఓదార్చనూ లేదు, చాపలో కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది, నేను వచ్చాను కదా, అన్నట్టు తలూపి కళ్లు మూసుకుంది. నియమం ప్రకారం గంట అయిపోయిన మనిషి లేచి, తలుపు మీద పట్టికలో టిక్కు పెట్టి వెళ్లిపోవాలి. శాంతాబాయి లేవలేదు. ముందు గోడకు ఆనుకుంది, తర్వాత చెయ్యి తల కింద పెట్టుకుంది, తర్వాత యాభై మూడేళ్ల మనిషి చాప మీద పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. ఆ మనిషి ప్రార్థనలో గొప్పేమీ లేదు. కిరాణా కొట్టువాడితో మాట్లాడినట్టు, ఆ పిల్లకు మూడో నెల, జర సూసుకో, మరిసిపోకు, అంటోంది, ముడి మీద వేలు పెట్టుకుని. ఇంతేనా, అనుకుంది శాంతాబాయి, ఇంత చిన్న మాటలు నాకెందుకు రాలేదు. మంట చల్లారిందా అంటే చల్లారలేదు, కడుపులో ఉండనే ఉంది, కాకపోతే దానికీ నిద్ర వస్తున్నట్టుంది. కళ్లు సగం మూసి పక్కనున్న మనిషి పెదాలు చూస్తోంది. శబ్దం తగ్గి, తగ్గి, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పుడు కరెంటొచ్చింది. ఫ్యాను ఒక్కసారి గరగరమని తిరిగింది, ఒళ్లోంచి జారిన పది చీటీలూ లేచి గది నిండా చెల్లాచెదురయ్యాయి, ఒకటి తలుపు దాకా పోయింది, ఒకటి ఆమె మొహం మీదే వాలింది. ఏరాలి, అనుకుంది. వరసగా పెట్టి, సీసాలో వేసి, మూత బిగించాలి. చెయ్యి లేవబోయింది. పదకొండో చీటీ పిడికిట్లో ఉంది. తర్వాత, అనుకుంది, ఎవరైనా ఏరుతారు. చల్లగాలి వెన్ను మీది చెమటకు తగిలింది, మొహం మీది చీటీ ఆమె ఊపిరికి కొంచెం కొంచెం కదులుతోంది, ఆమె దాన్ని కూడా తీయలేదు.